నీళ్లు లేని సముద్రం

అంతరిక్ష యుద్ధనౌకల కథల్లో ఫిరంగి కంటే ముందు నియమం పుడుతుంది. తన ఓడకు ఏం చేతకాదో రచయిత తేల్చుకున్నాకే, అది ఎలా పోరాడుతుందో తేలుతుంది.

ప్రపంచ యుద్ధనౌకల వివరాల కోసం నౌకాదళాల వాళ్లు నూట పాతికేళ్లుగా తెరుస్తున్న పుస్తకం ‘జేన్స్ ఫైటింగ్ షిప్స్’. ఏ ఓడ పొడవెంత, ఎన్ని ఫిరంగులు, ఎక్కడ కవచం ఎంత మందం... అన్నీ బొమ్మలతో సహా అందులో ఉంటాయి. 1898లో దాని తొలి సంపుటిని తెచ్చిన ఫ్రెడ్ టి. జేన్ నౌకాదళ అధికారి కాదు. బొమ్మలు వేస్తూ, పత్రికలకు రాస్తూ బతికిన ఆంగ్లేయుడు. అంతకు ఐదేళ్ల ముందు జార్జ్ గ్రిఫిత్ నవల ‘ది ఏంజెల్ ఆఫ్ ది రివల్యూషన్’కు బొమ్మలు వేసింది ఆయనే. గాలిలో తేలే యుద్ధనౌకలు నేలమీది సైన్యాలను మట్టుబెట్టే కథ అది. ఆ తర్వాత తనే సైన్స్ ఫిక్షన్ నవలలు రాశాడు. వాటిలో ఒకటి ఐదు సెకన్లలో శుక్రగ్రహానికి చేరే కథ.

అసలు ఉన్న ఓడల జాబితా, ఎక్కడా లేని ఓడల బొమ్మలు ఒకే చేతి నుంచి వచ్చాయి. రెంటినీ కలిపింది ఒక ఆట. బల్ల మీద ఆడే నౌకాయుద్ధ క్రీడను జేన్ తయారుచేశాడు. ఆటగాడు ఫిరంగి పేల్చాలంటే, కొసన సూది ఉన్న చిన్న బద్దతో శత్రు ఓడ బొమ్మ మీద కొట్టాలి. కాగితం మీద చిల్లు ఎక్కడ పడిందో చూసి నష్టం లెక్కగడతారు. చిల్లు బాయిలర్ దగ్గర పడితే ఒక ఫలితం, కవచం మందంగా ఉన్నచోట పడితే ఇంకొకటి. మరి ప్రతి ఓడకూ ఆ వివరాలుండాలి కదా! ఆ అవసరమే ఆ పుస్తకానికి ఊతమైంది.

ఈ వరస అక్కడితో ఆగలేదు. అమెరికాలో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, నౌకా చరిత్ర మూడూ రాసిన ఫ్లెచర్ ప్రాట్, గది నేల మీద చిన్న చిన్న ఓడలు పేర్చి ఆడే యుద్ధక్రీడకు నియమాలు రాశాడు. ఫిరంగి గుండు ఎంత దూరంలో పడాలో ఆటగాడు కంటితోనే అంచనా కట్టి చెప్పాలి. ‘స్టార్‌ఫైర్’ అనే అంతరిక్ష యుద్ధక్రీడ మీద పనిచేసి, దాని ఆధారంగా స్టీవ్ వైట్‌తో కలిసి నవలలు రాసిన డేవిడ్ వెబర్, ఆ తర్వాత ఈ తరహా సాహిత్యంలోకెల్లా ప్రసిద్ధమైన నౌకాదళాన్ని సృష్టించాడు. ఆట తయారుచేసేవాడికి ఒక క్రమశిక్షణ వస్తుంది. తన ఓడకు దేనికైనా శక్తి ఇస్తే, ఇంకెక్కడో కోత పెట్టాలి. లేకపోతే ఆట సాగదు. మంచి మిలిటరీ సైన్స్ ఫిక్షన్‌కు ప్రాణం ఆ కోతలోనే ఉందని నేను నమ్ముతాను.

తొలితరం వాళ్లు ఈ సంగతి గ్రహించారు. జూల్స్ వెర్న్ 1870లో పూర్తిచేసిన ‘ట్వెంటీ థౌజండ్ లీగ్స్’ నవలలో నాటిలస్ 70 మీటర్ల పొడవున్న విద్యుత్ జలాంతర్గామి. విడిభాగాలను వేర్వేరు దేశాల్లో వేర్వేరు పేర్లతో చేయించి, ఎవరూ లేని దీవిలో బిగించిన ఓడ. దాని యజమాని కెప్టెన్ నెమో ఎవరో తర్వాతి నవల ‘ది మిస్టీరియస్ ఐలాండ్’లో బయటపడుతుంది. 1857 తిరుగుబాటులో ఆంగ్లేయులతో పోరాడిన బుందేల్‌ఖండ్ రాకుమారుడు డక్కర్, టిప్పు సుల్తాన్‌కు బంధువు. అంతటి ఓడకూ వెర్న్ ఒక లోటు ఉంచాడు. లోపల గాలి తయారుకాదు, పైకి తేలి నింపుకోవాల్సిందే. అందుకే దక్షిణ ధ్రువపు మంచు కింద చిక్కుకున్నప్పుడు ఊపిరాడక జనం అల్లాడే ఘట్టం ఆ నవలలో అన్నిటికంటే ఉత్కంఠగా సాగుతుంది.

ముక్కు, తోక, మధ్యలో గోడ

డేవిడ్ వెబర్ ‘ఆన్ బాసిలిస్క్ స్టేషన్’ 1993లో వచ్చింది. ఆనర్ హారింగ్టన్ అనే మహిళా కెప్టెన్ కథ. నెపోలియన్ కాలపు సముద్ర సాహసాలను హొరేషియో హార్న్‌బ్లోయర్ పాత్రతో నవలలుగా రాసిన సి.ఎస్. ఫారెస్టర్‌కు ఆ పుస్తకం అంకితం. రెండు పేర్ల తొలి అక్షరాలు కూడా కలుస్తాయి. అమెరికాలో మహిళలను యుద్ధనౌకల మీదికి పంపకుండా అడ్డుకున్న చట్టం రద్దయింది కూడా 1993లోనే.

వెబర్ ఏం చేశాడో అర్థం కావాలంటే ముందు తెరచాప ఓడలను తలచుకోవాలి. వాటి ఫిరంగులన్నీ పక్కల వరసగా ఉంటాయి. ముందువైపు, వెనకవైపు దాదాపు ఏమీ ఉండవు. వెనకభాగంలో అధికారుల గదులు, గాజు కిటికీలు. అటు నుంచి గుండు దూరితే అడ్డుగోడ లేకుండా ఫిరంగుల అంతస్తు పొడవునా దూసుకుపోయి, దారిలో ఉన్నవాళ్లందరినీ కూల్చేస్తుంది. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ దగ్గర బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ తన ఓడలను రెండు బారులుగా శత్రువు వరసకు ఎదురుగా నడిపాడు. దగ్గరయ్యేదాకా జవాబు చెప్పే వీల్లేకుండా దెబ్బలు తిన్నాడు. వరసను చీల్చుకుని ఫ్రెంచి పతాక నౌక బ్యుసెంటార్ వెనకగా సాగిన క్షణంలో అతని ‘విక్టరీ’ ఆ గాజు కిటికీల్లోంచి గుండ్లు కురిపించింది. ఆవిరి ఓడలు వచ్చాక కూడా ఈ జ్యామితి చావలేదు. శత్రువు బారుగా వస్తుంటే దాని ముక్కుకు అడ్డంగా మన వరసను నడిపితే, మన ఫిరంగులన్నీ పలుకుతాయి, వాళ్లవి ముందున్న కొన్నే పలుకుతాయి. 1905లో సుషిమా జలసంధిలో రష్యా నౌకాదళాన్ని జపాన్ అడ్మిరల్ టోగో అలాగే తుడిచిపెట్టాడు. ఇంగ్లిష్ అక్షరం టీ పైగీతలా సాగే ఈ ఎత్తుకు ‘క్రాసింగ్ ది టీ’ అని పేరు.

శూన్యంలో ఎటైనా తిరగగల ఓడకు ముక్కేమిటి, పక్కేమిటి? ఆ తేడా మళ్లీ పుట్టాలంటే ఒక కారణం కావాలి. వెబర్ ఆ కారణాన్ని ఇంజిన్‌లో పెట్టాడు. అతని ఓడ కదలాలంటే తన పైనా కిందా రెండు గురుత్వ పలకలను సృష్టించుకోవాలి. ఆ పలకలను ఏ ఆయుధమూ ఛేదించలేదు. పక్కలకు మాత్రం వాటికంటే బలహీనమైన రక్షణ గోడలుంటాయి. ముందు, వెనక అదీ ఉండదు, తెరిచిన ద్వారమే. ఈ ఒక్క నియమం నుంచి మిగతావన్నీ వాటంతటవే వరసకట్టాయి. ఆయుధాలు పక్కలకు చేరాయి. శత్రువుకు ముక్కు చూపిస్తే చావే. ప్రాణం మీదికి వస్తే ఓడను పక్కకు దొర్లించి పలకను అడ్డుపెట్టుకోవచ్చు, కానీ ఆ క్షణాన ఎదురుకాల్పులకు వీలుండదు. పెద్ద ఓడలు గోడ కట్టినట్టు వరసలో నిలిచి పోరాడాలి. నెల్సన్ సముద్రం మళ్లీ తయారైంది.

వెబర్ ఇంకో నియమం పెట్టాడు. నక్షత్రానికీ నక్షత్రానికీ మధ్య వార్త మోయగలిగింది ఓడ మాత్రమే, తరంగం కాదు. ట్రఫాల్గర్ గెలుపు వార్త లండన్ చేరడానికి 16 రోజులు పట్టింది. ఆ కాలంలో దూరపు రేవులో ఉన్న కెప్టెన్‌కు పైవాళ్లను అడిగే వీల్లేదు. యుద్ధం మొదలుపెట్టాలా, పరాయి దేశపు ఓడను ఆపి సోదా చేయాలా అన్నది తనే తేల్చుకోవాలి. తప్పయితే కోర్టు మార్షల్. ఉపగ్రహ ఫోన్లు వచ్చాక నిజమైన నౌకాదళాల్లో ఆ ఒంటరితనం పోయింది. రేడియోను తీసేసి వెబర్ దాన్ని తిరిగి తెచ్చాడు. ఆ శ్రేణికి అంతమంది పాఠకులు కట్టుబడిపోవడానికి క్షిపణుల కంటే ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఇక ఆనర్‌కు ఇచ్చిన ఓడ చూడండి. ‘ఫియర్‌లెస్’ ఒక తేలికపాటి క్రూయిజర్. సోన్యా హెంప్‌హిల్ అనే అడ్మిరల్ కొత్త ఆయుధాల పిచ్చిలో ఆ ఓడ మామూలు ఆయుధాల్లో చాలావాటిని పీకించి ‘గ్రావ్ లాన్స్’ను పెట్టించింది. శత్రువు పక్కగోడను కూల్చే ఆయుధం అది. కాకపోతే బాగా దగ్గరికి వెళ్తేనే పనిచేస్తుంది. అంత దగ్గరికి పోయేలోపు ఓడ బతకాలి కదా. నౌకాదళ విన్యాసాల్లో ఆ ఎత్తు ఒక్కసారి పారింది. తర్వాత అందరూ ఆ ఓడనే ముందు ‘ముంచేయడం’ మొదలుపెట్టారు. పరువు పోయిన అడ్మిరల్ ఆ ఓడను ఎవరూ పట్టించుకోని మారుమూల స్థావరానికి పంపించేసింది. నవల చివర అదే ఓడ, తనకంటే ఎంతో బలమైన, వర్తక నౌక వేషంలో ఉన్న యుద్ధనౌకను తరుముతూ ముక్కలవుతూ, సిబ్బందిలో చాలామందిని పోగొట్టుకుంటూ, ఆ పనికిరాని ఆయుధం పనికొచ్చే దూరం దాకా వెళ్తుంది. లోపంతో పుట్టిన ఓడ కాబట్టే ఆ గెలుపు అంత భారంగా అనిపిస్తుంది.

శ్రేణి ముందుకు సాగేకొద్దీ వెబర్ చేసిన పని నాకు మరీ నచ్చింది. మొదటి పుస్తకంలో నవ్వులపాలైన హెంప్‌హిల్ వర్గమే తర్వాతి యుద్ధాన్ని గెలిపించే ఆవిష్కరణలు తెస్తుంది. ముందు ఓడల వెనక లాగే క్షిపణి పెట్టెలు వచ్చాయి. ఆ తర్వాత కడుపు నిండా అవే మోసుకుపోయి, వెనకనుంచి దొర్లించి వదిలే మహానౌకలు వచ్చాయి. ఒక్కసారిగా పాత మహానౌకలన్నీ, తమవీ శత్రువువీ కూడా, పాత ఇనుము కింద లెక్క. 1906లో బ్రిటన్ ‘డ్రెడ్‌నాట్’ను నీళ్లలోకి దింపినప్పుడు ఇదే జరిగింది. పది 12 అంగుళాల ఫిరంగులు, ఆవిరి టర్బైన్లు, 21 నాట్ల వేగం. అప్పటిదాకా ఉన్న యుద్ధనౌకలన్నీ, బ్రిటన్ వద్ద కుప్పలుగా ఉన్నవాటితో సహా, వెనకబడ్డాయి. అంటే బ్రిటన్ దశాబ్దాలుగా కూడబెట్టుకున్న ఆధిక్యాన్ని తన చేతులతోనే చెరిపేసుకుని జర్మనీతో కొత్త పందెంలో దిగింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడన్నది ఆయుధాల విషయంలో అక్షరసత్యం. ఆలోచన ముందు ఎవరికి వచ్చినా, ఓడ ముందు ఎవరు కట్టారన్నదే లెక్క.

చివరి సంపుటాల్లో క్షిపణుల సంఖ్య వేలకు చేరి, యుద్ధం కూడికలు తీసివేతల పట్టికగా మారిందన్నది నిజమే. పుటలకు పుటలు సమావేశాలే. అయినా మొదటి పుస్తకంలో పెట్టిన నియమాన్ని దశాబ్దాల పాటు తప్పకుండా, దాని ఫలితాలను ఒక్కొక్కటిగా తవ్వుకుంటూ పోయిన రచయితలు తక్కువ.

వేడి ఎక్కడికి పోతుంది?

వెబర్ తన నియమాలను తనే కల్పించుకున్నాడు. ప్రకృతి ఇచ్చిన నియమాలకే తలవంచి రాసేవాళ్లది ఇంకో దారి. వీళ్లకు మొదటి శత్రువు ఇంధనం. 1903లో రష్యా శాస్త్రవేత్త ష్యొల్కోవ్‌స్కీ రాసిన రాకెట్ సమీకరణం ప్రకారం, పొగగొట్టంలోంచి వాయువు వెలువడే వేగానికి రెట్టింపు వేగం ఓడకు కావాలంటే, ఓడ బరువుకు 6.4 రెట్ల ఇంధనం మోయాలి. మూడు రెట్లు కావాలంటే ఏకంగా 19 రెట్లు. అందుకే నిజాయితీ ఉన్న నవలలో అడ్మిరల్ శత్రువును చూసే ముందు ట్యాంకు చూసుకుంటాడు.

రెండో శత్రువు వేడి. సముద్రంలో ఓడ తన వేడిని నీళ్లలోకి వదులుతుంది. శూన్యంలో నీళ్లూ లేవు, గాలీ లేదు. కాంతిగా, పరారుణ కిరణాలుగా ప్రసరింపజేయడం ఒక్కటే దారి. ఒక చిన్న లెక్క వేద్దాం. శత్రువు మీదికి 10 మెగావాట్ల లేజర్ వదలాలి, దాని సామర్థ్యం 30 శాతం అనుకుంటే, ఓడలోపల 23 మెగావాట్ల వేడి మిగిలిపోతుంది. దాన్ని గది ఉష్ణోగ్రత దగ్గరున్న రేడియేటర్ పలకలతో వదిలించుకోవాలంటే రెండు వైపులా వేడిని వెదజల్లే పలక ఆరెకరాలకు పైగా ఉండాలి. అదే పలకను 727 డిగ్రీల సెల్సియస్‌దాకా కాగనిస్తే 250 గజాల స్థలమంత చాలు. ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో ప్రసారం పెరగడమే కారణం. అంటే యుద్ధంలో ఉన్న ఓడ ఎర్రగా కాలుతున్న రెక్కలు చాచుకుని ఉంటుంది. ఆ రెక్కలకు కవచం తొడిగితే వేడి పోదు, తొడక్కపోతే మొదటి దెబ్బకే తెగుతాయి. తెగితే లోపలివాళ్లు ఉడికిపోతారు. ఓడ రూపాన్ని నిర్ణయించేది ఫిరంగి కాదు, ఈ రెక్కలే.

లారీ నివెన్, జెర్రీ పోర్నెల్ 1974లో రాసిన ‘ది మోట్ ఇన్ గాడ్స్ ఐ’లో దీన్ని అందంగా వాడుకున్నారు. వాళ్ల ఓడలను కాపాడే లాంగ్‌స్టన్ క్షేత్రం, తగిలిన ప్రతి దెబ్బ శక్తినీ పీల్చుకుని మెల్లగా వెలుగుగా వదులుతుంది. దెబ్బలు పెరిగేకొద్దీ ఆ క్షేత్రం ఎరుపు నుంచి పసుపు, ఆకుపచ్చ, నీలం మీదుగా ఊదా దాకా మారుతుంది. ఆ పైన పట్టలేక కూలితే పీల్చుకున్నదంతా లోపలే విరజిమ్ముతుంది. ఎవరి ఓడ ఎంతసేపు నిలుస్తుందో రంగు చూసి శత్రువుకూ తెలిసిపోతుంది. అదే నవలలో నక్షత్రాల మధ్య దూకడానికి కొన్ని బిందువులే ఉంటాయి. దాంతో ఆకాశానికి కూడా కనుమలు, జలసంధులు ఏర్పడ్డాయి. సముద్రాల మీద పెత్తనమంటే కీలక మార్గాల మీద పెత్తనమని 1890లో చెప్పిన అమెరికా నౌకాదళ అధికారి ఆల్ఫ్రెడ్ మహన్ సిద్ధాంతాన్ని వాడుకోవాలనుకునే ప్రతి రచయితా ఇలాంటి ఇరుకు దారులను కల్పించుకోక తప్పదు. అన్ని దిక్కులా తెరిచిన శూన్యంలో కాపలా కాయడానికి చోటే ఉండదు మరి.

ఈ తరం పాఠకులకు, ప్రేక్షకులకు బాగా తెలిసింది జేమ్స్ ఎస్.ఎ. కోరీ పేరుతో ఇద్దరు రచయితలు రాసిన ‘ది ఎక్స్‌పాన్స్’. 2011 నుంచి 2021 వరకు తొమ్మిది నవలలు, టీవీ సిరీస్. అందులోని ‘రొసినాంటే’ నౌక లోపల గదులు బహుళ అంతస్తుల మేడలా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఇంజిన్ అడుగున. అది మండుతున్నప్పుడే పాదాల కింద నేల ఉన్నట్టు అనిపిస్తుంది. గమ్యానికి సగం దూరంలో ఓడ తలకిందులై, మిగతా సగం వేగం తగ్గించుకుంటూ పోవాలి. యుద్ధానికి ముందు గదుల్లోంచి గాలి తోడేసి అందరూ సూట్లు తొడుక్కుంటారు. చిల్లు పడితే గాలితో పాటు మనుషులు కొట్టుకుపోకుండా, మంట రేగకుండా. విపరీత త్వరణానికి రక్తనాళాలు చిట్లకుండా సూదిమందులు ఎక్కించుకుంటారు. ఇక్కడ ఓడ కంటే ముందు విరిగేది మనిషి. ఆ ఒక్క సంగతిని మరచిపోకపోవడమే ఆ నవలలకు బలం.

దాక్కునే చోటు

విశాఖ ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా లోపలికి వెళ్లి వచ్చినవాళ్లకు జలాంతర్గామి ఇరుకు ఎలాంటిదో చెప్పక్కర్లేదు. 91 మీటర్ల పొడవులో తలుపులన్నీ వంగి దూరాల్సిన గుండ్రటి కంతలే. 1971లో అదే తీరానికి దగ్గర్లో మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి కథతో సంకల్ప్ రెడ్డి 2017లో ‘ఘాజీ’ తీశాడు, మరుసటి ఏడాదే ‘అంతరిక్షం’ తీశాడు. ఒకే దర్శకుడు ఈ రెండు లోకాలకూ వెళ్లడంలో వింతేమీ లేదు. గోడ అవతల చావు, ఇవతల కొలిచి వాడుకునే గాలి. సినిమా భాషలో రెండూ ఒకే ఇంటివి. 1966లో ‘స్టార్ ట్రెక్’లో వచ్చిన ‘బాలన్స్ ఆఫ్ టెర్రర్’ అనే భాగం ‘ది ఎనిమీ బిలో’ అన్న జలాంతర్గామి సినిమా అచ్చునే అనుసరించింది. కనిపించకుండా మాయమయ్యే శత్రు నౌక, కాల్చాలంటే మాత్రం కనిపించాలి. ఆ షరతే ఆ కథను నడిపించింది.

భౌతికశాస్త్రం మాత్రం ఒప్పుకోదు. సముద్రపు నీరు వేడినీ వెలుగునూ మింగేస్తుంది, జలాంతర్గామి బతికేది ఆ చీకట్లోనే. శూన్యంలో నేపథ్యం మైనస్ 270 డిగ్రీలు. మనుషులు బతికే ఓడ కనీసం 20 డిగ్రీల పైన ఉండాలి. అంత చల్లటి తెర మీద అంత వెచ్చని చుక్క పరారుణ దుర్భిణికి దొరక్కుండా ఎలా ఉంటుంది? ఇంజిన్ వెలిగిస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. 2007లో వచ్చిన ‘మాస్ ఎఫెక్ట్’ వీడియో గేమ్ దీనికి ఒక మర్యాదైన పరిష్కారం చూపింది. అందులోని నార్మండీ నౌక తన వేడినంతా లోపలి తొట్లలో దాచుకుని కొన్ని గంటలు కనిపించకుండా తిరగగలదు. ఆ గడువు దాటితే సిబ్బంది కాలిపోతారు. దాక్కోవడానికి గడియారం పెట్టారన్నమాట. పాత డీజిల్ జలాంతర్గామి బ్యాటరీ అయిపోగానే పైకి తేలక తప్పనట్టే ఇదీ.

నిన్నటి వెలుగులో ఇవాళ్టి యుద్ధం

అందరూ కనిపిస్తారు సరే, ఎప్పటి స్థితిలో కనిపిస్తారు? కాంతి నిమిషానికి కోటీ 80 లక్షల కిలోమీటర్లు నడుస్తుంది. సూర్యుడి నుంచి మన దాకా ఎనిమిది నిమిషాలకు పైగా. ఆ దూరంలో ఉన్న శత్రువు ఇప్పుడు మలుపు తిరిగితే మనకు తెలిసేది ఎనిమిది నిమిషాల తర్వాత. ఈ ఒక్క సత్యాన్ని ఆధారం చేసుకుని జాన్ హెమ్రీ, జాక్ క్యాంప్‌బెల్ పేరుతో ‘ది లాస్ట్ ఫ్లీట్’ శ్రేణి రాశాడు. ఆయన అమెరికా నౌకాదళంలో పనిచేసి రిటైరైన అధికారి. మొదటి పుస్తకం ‘డాంట్‌లెస్’ 2006లో వచ్చింది.

శత్రు భూభాగం లోలోపల చిక్కుకున్న నౌకాదళం ఇంటికి చేరే కథ అది. గ్రీకు సైనికులు పర్షియా నడిబొడ్డు నుంచి తిరిగి నడిచిన కథను చెప్పిన జెనోఫన్ గ్రంథం దానికి మాతృక. వందేళ్ల క్రితం ఓడ నుంచి తప్పించుకోవడానికి ఎక్కిన పెట్టెలో గడ్డకట్టి నిద్రపోయిన జాన్ గియరీ అనే అధికారి మేలుకుంటాడు. ఈ వందేళ్ల యుద్ధంలో అనుభవజ్ఞులు ఎంత వేగంగా చనిపోయారంటే, వ్యూహం అన్నది నేర్పేవాళ్లే మిగల్లేదు. శౌర్యమంటే నేరుగా మీద పడటమే అనుకునే కెప్టెన్లకు వ్యూహరచన చేయడం మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. ఓడలు కాంతి వేగంలో పదోవంతుతో ఎదురెదురుగా దూసుకొచ్చి, సెకనులో చిన్న భాగంలో ఒకదాన్నొకటి దాటిపోతాయి. మనిషి చెయ్యి మీట నొక్కేలోపే అంతా అయిపోతుంది కాబట్టి కాల్చేది యంత్రమే. అడ్మిరల్ పని అంతకు గంటల ముందే ముగిసి ఉండాలి. ఎప్పుడో చూసిన దృశ్యాన్ని బట్టి, ఇప్పుడు శత్రువు ఎక్కడ ఉంటాడో, తన వెలుగు చూసి అతను ఏం అనుకుంటాడో ఊహించాలి. నాకు తెలిసినంతలో అంతరిక్ష నౌకాయుద్ధాన్ని ఇంత తర్కబద్ధంగా చూపిన శ్రేణి ఇంకొకటి లేదు. ఓడల వెంట ఇంధనం, విడిభాగాలు తయారుచేసే నెమ్మదైన సరఫరా నౌకలు కూడా ఉంటాయి. దళమంతా వాటి వేగానికే కట్టుబడి నడవాలి. నౌకాదళంలో ఉద్యోగం చేసినవాడికే తట్టే సంగతి ఇది.

వియత్నాం యుద్ధంలో గాయపడి వచ్చిన జో హాల్డెమన్ అదే కాంతి వేగాన్ని ఇంకా బాధాకరంగా వాడాడు. ‘ది ఫరెవర్ వార్’ (1974)లో కాంతి వేగానికి దగ్గరగా ప్రయాణించిన సైనికుడికి నెలలు గడిస్తే ఇంటి దగ్గర దశాబ్దాలు గడిచిపోతాయి. ఎదురయ్యే శత్రు నౌక మనకంటే ముందు కాలానిదో వెనక కాలానిదో ఎవరికీ తెలీదు. ఆయుధాలు ఎవరివి మెరుగన్నది కూడా అదృష్టమే.

లేచి ఎగిరిన యమాటో

జపాన్ ఈ సాహిత్యానికి ఇచ్చిన ఓడ లెక్కల మీద కట్టింది కాదు, శోకం మీద కట్టింది. 46 సెంటీమీటర్ల ఫిరంగులు తొమ్మిది మోసిన యమాటో, చరిత్రలోకెల్లా పెద్ద తోపుల యుద్ధనౌక. అది పూర్తయ్యే నాటికే యుద్ధం విమాన వాహక నౌకల చేతికి వెళ్లిపోయింది. 1945 ఏప్రిల్ 7న ఒకినావా వైపు తిరుగు ప్రయాణం ఆశ లేకుండా బయలుదేరిన ఆ ఓడను అమెరికా విమానాలు ముంచేశాయి. సుమారు 3,000 మంది పోయారు. 1974లో జపాన్ టీవీలో ‘స్పేస్ బాటిల్‌షిప్ యమాటో’ మొదలైంది. 2199లో సముద్రాలు ఇంకిపోయిన భూమి మీద తుప్పుపట్టిన ఆ ఓడనే రోదసి నౌకగా మలిచి, భూమి మీది రేడియేషన్‌ను తొలగించే యంత్రం కోసం 1,48,000 కాంతి సంవత్సరాల దూరానికి పంపుతారు. దాని ముక్కులో ఉన్న తరంగ ఫిరంగి దేన్నైనా తుడిచిపెట్టగలదు. కానీ అది పేలాలంటే ఓడ శక్తినంతా కూడగట్టాలి, పేలాక కాసేపు ఓడ నిస్సహాయం. ఓడిపోయిన దేశపు పిల్లలు, తాతల చావుకు ప్రతీకగా మిగిలిన ఓడ ఈసారి ప్రాణం పోయడానికి బయల్దేరడం చూశారు. మిలిటరీ సైన్స్ ఫిక్షన్ అంటే యుద్ధానికి డప్పు కొట్టడమేనని కొట్టిపారేసేవాళ్లు ఈ ఓడను ఒకసారి చూడాలి.

కల్పన నుంచి రేవులోకి

ఈ ఊహలు తిరిగి నిజమైన ఓడలకు చేరిన సందర్భాలున్నాయి. ఇ.ఇ. స్మిత్ 1939లో ‘గ్రే లెన్స్‌మన్’ ధారావాహికలో, వేలాది ఓడల కదలికలను ఒకేచోట వెలుగు చుక్కలుగా చూపించే ‘డైరెక్ట్రిక్స్’ అనే ఆజ్ఞా నౌకను వర్ణించాడు. రాడార్లు అందించే సమాచారం కుప్పపడుతున్న రోజుల్లో అమెరికా నౌకాదళం ఓడల్లో యుద్ధ సమాచార కేంద్రాలను ఏర్పాటు చేసింది. ఆ ఆలోచనకు స్మిత్ నౌక ప్రేరణ అయిందని ఒక నౌకాదళ అధికారి ద్వారా తెలిసినట్టు, పత్రికా సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ 1947లో స్మిత్‌కు ఉత్తరం రాశాడు.

హెచ్చరిక మాత్రం అంత సులభంగా చెవికెక్కలేదు. ఆర్థర్ సి. క్లార్క్ 1951 కథ ‘సుపీరియారిటీ’లో యుద్ధం ఓడిపోయిన సేనాని వాంగ్మూలం ఇస్తాడు. వాళ్ల ఆయుధాలే మెరుగు, ఓడలే మెరుగు. కానీ గెలిచే కొత్త ఆయుధం ఇంకో కొన్నాళ్లలో వస్తుందంటూ పాతవాటి ఉత్పత్తి ఆపేశారు. వచ్చింది పనిచేసేలోపు ఇంకొకటి. చివరి ఆవిష్కరణ ఓడలను చాలా సూక్ష్మంగా మార్చేయడంతో ఒక ఓడ విడిభాగం ఇంకోదానికి అతకడం మానేసింది. శత్రువు మాత్రం పాత ఓడలనే కుప్పలుగా కట్టుకుంటూ వచ్చి గెలిచాడు. అమెరికా జమ్‌వాల్ట్ తరగతి డిస్ట్రాయర్ల కథ చదివితే ఇది గుర్తుకు రాకమానదు. 32 అనుకున్నవి చివరికి మూడే కట్టారు. వాటి ఫిరంగుల కోసం ప్రత్యేకంగా చేసిన గుండు ఒక్కోటి సుమారు 8 లక్షల డాలర్లకు చేరడంతో 2016లో కొనుగోలే మానుకున్నారు. గుండ్లు లేని ఫిరంగులతో ఓడలు సముద్రం మీద తిరిగాయి.

అంతరిక్షంలో తోపు నిజంగానే పేలింది. 1974లో సోవియట్ యూనియన్ పంపిన సల్యూత్-3 కేంద్రం కడుపు కింద ఫిరంగి ఉంది. గురి చూడాలంటే కేంద్రాన్ని మొత్తంగా తిప్పాలి. సిబ్బంది దిగివచ్చాక, 1975 జనవరిలో నేలమీద నుంచే దాన్ని పేల్చి చూశారు. అమెరికాలో అంతకుముందే, ఓడ వెనక అణుబాంబులు వరసగా పేల్చి ఆ తాకిడితో దాన్ని తోసే ‘ఒరియన్’ ప్రాజెక్టు నడిచింది. దాని ఆధారంగా వైమానిక దళం తయారుచేసిన అంతరిక్ష యుద్ధనౌక నమూనాను అధ్యక్షుడు కెనెడీకి చూపిస్తే ఆయన విస్తుపోయాడు. 1963 అణు పరీక్షల నిషేధ ఒప్పందంతో ఆ దారి మూసుకుపోయింది. నివెన్, పోర్నెల్ 1985లో రాసిన ‘ఫుట్‌ఫాల్’ నవలలో ఆ ఓడ ఎగిరింది.

ఇవన్నీ చదివాక నాకొక ఖాళీ కనిపిస్తుంది: భూమికి దగ్గరి కక్ష్యల్లో, శకలాల మధ్య జరిగే యుద్ధం. శ్రీహరికోట నుంచి 2019 జనవరిలో వెళ్లిన మైక్రోశాట్-ఆర్ ఉపగ్రహాన్ని, అదే ఏడాది మార్చి 27న ‘మిషన్ శక్తి’లో మన క్షిపణి కూల్చింది. శకలాలు తొందరగా గాలిలోకి జారి కాలిపోవాలని దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తునే ఎంచుకున్నారు. అయినా కొన్ని ముక్కలు అంతకంటే పైకి ఎగిరాయి. 2007లో చైనా 860 కిలోమీటర్ల దరిదాపుల్లో తన ఉపగ్రహాన్ని కూల్చినప్పుడు లెక్కకు దొరికిన ముక్కలే 3,000 దాటాయి, వాటిలో చాలా ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. సెకనుకు మూడు కిలోమీటర్ల వేగంతో తగిలే వస్తువులో దాని బరువుకు సమానమైన టీఎన్‌టీ పేలుడంత శక్తి ఉంటుంది. కక్ష్యలో ఎదురుపడే వేగాలు అంతకంటే కొన్ని రెట్లు ఎక్కువే ఉండొచ్చు. భూమి చుట్టూ జరిగే నౌకాయుద్ధంలో మునిగిన ఓడ అడుగుకు చేరదు, వేల తూటాలై అదే దారిలో మళ్లీ మళ్లీ వస్తుంది. 1904 యుద్ధంలో పోర్ట్ ఆర్థర్ రేవు ముందు రష్యా, జపాన్ రెండూ మందుపాతరలు పరిచాయి. ఏప్రిల్‌లో రష్యా అడ్మిరల్ మకరోవ్ తన పతాక నౌకతో సహా పోయాడు, మే నెలలో జపాన్ ఒక్కరోజే రెండు యుద్ధనౌకలు పోగొట్టుకుంది. ఆ సముద్రంలోనైతే ఓపిగ్గా మందుపాతరలు ఏరే ఓడలు ఉండేవి. 800 కిలోమీటర్ల కక్ష్యలో ఏరేవాళ్లు ఎవరు? అలాంటి యుద్ధాన్ని రాసే రచయిత సృష్టించే అడ్మిరల్, శత్రువును ఎలా కొట్టాలన్నదానికంటే ముందు ఏ ఎత్తులో కొట్టాలన్నది తేల్చుకోవాలి. తక్కువ ఎత్తులో కొడితే శకలాల్లో చాలావరకు వారాల్లో కాలిపోతాయి, కానీ అక్కడ ఓడ నిలదొక్కుకోవాలంటే పలచటి గాలి రాపిడికి ఇంధనం కరిగిపోతూ ఉంటుంది. పైన కొడితే గెలిచినవాడి సొంత రేవు దారే తరాలపాటు మూతపడుతుంది. శత్రువుకు ఆ సంగతి తెలుసు కాబట్టి తన ఓడలను పైకక్ష్యలోనే నిలుపుతాడు, కొట్టు చూద్దాం అని.